నడుస్తుండగానే మార్చే బావగారు

నడుస్తున్నదాన్ని ఆపడమంటే మా బావగారికి గిట్టేది కాదు. టేబుల్ ఫ్యాను తుడవాలంటే మనమంతా స్విచ్చి కట్టేసి, రెక్కలు ఆగేదాకా చూసి, అప్పుడు గుడ్డ పట్టుకుంటాం. ఆయన తిరుగుతున్న ఫ్యానుకి జాలీ ఊడదీసి, పుల్లకి గుడ్డ చుట్టి రెక్కల దగ్గర పెట్టేవారు. ఒకసారి ఆ గుడ్డ రెక్కల్లో చిక్కుకుని, రెండు చుట్లు తిరిగి, వచ్చి ఆయన మొహానికే చుట్టుకుంది. మేము పరిగెత్తుకెళ్ళేసరికి గుడ్డ లోపల్నుంచి మాట వినబడింది.

“చూసేవా మరదలా, ఫ్యాను ఆగలేదు.”

మా అక్క భర్త ఆయన. ‘ఆపక్కర్లేదు’ అనేది ఆయన ఊతపదం. బస్సు ఆపక్కర్లేదని కదులుతుండగా ఎక్కి, ఒక కాలి చెప్పు కొత్తపేటలో, రెండోది రావులపాలెంలో దిగిన రోజులున్నాయి. క్షవరం సగంలో ఉండగా మనసు మార్చుకుంటే, మంగలి మాట వినే మనిషి కనక, ఎడమవైపు ఒక తీరు, కుడివైపు ఒక తీరు తలతో ఇంటికొచ్చేవారు. మా అక్కని అడిగితే, “నా పెళ్ళిలోనే పాట మూడో చరణంలో ఉండగా రాగం మార్చమని పాడేవాళ్ళకి చెయ్యూపేరే. సగం మంది మార్చేరు, సగం మంది మార్చలేదు. అప్పుడే నాకు అర్థమైపోయింది” అనేది.

మా అబ్బాయి మొదటి పుట్టినరోజు భోజనాలు నేను బతికుండగా మర్చిపోను. బంతి మీద ఎనభై మంది కూర్చున్నారు. వడ్డన సగానికి వచ్చింది. ఈయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “ఈ వరస బాగాలేదు. కూర తర్వాత పాయసం రావాలి, పులుసు చివరికి పోవాలి” అన్నారు. కాస్త ఆగండి బావగారూ, ఈ బంతి లేచాక మారుద్దాం అన్నాను. “ఆపక్కర్లేదు” అన్నారు. గరిటెలతో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు పరిగెత్తారు. ఈ చివర ఉన్నవాళ్ళకి పెరుగు వచ్చేసింది, ఆ చివర వాళ్ళకి ఇంకా కూరే రాలేదు. మధ్యలో మా పెదనాన్నగారికి మూడుసార్లు పాయసం వచ్చింది, అన్నం మాత్రం రాలేదు. ఆ పెద్దాయనకి అడగడానికి మొహమాటం. “ఆయ్, చాలా బాగుందండి, చాలా బాగుందండి” అంటూ పాయసం మీద పాయసం తాగి, చెయ్యి కడుక్కుని, ఇంటికెళ్ళి చద్దన్నం తిన్నారట.

ఇదంతా ఆయన చేసే ఉద్యోగం తెచ్చిన జబ్బని నాకు తర్వాత తెలిసింది. ఆయన కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు. ముందు హైదరాబాదులో రాసేవారు, ఇంటి నుంచే పని చేసుకోవచ్చు అన్నాక కొత్తపేటలో మేడ మీద గదిలో కూర్చుని రాసేవారు. నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. నాకు అర్థమయ్యేలా చెప్పాలని ఆయనకి మహా పట్టుదల. ఒకరోజు నేను అట్లు పోస్తుంటే వచ్చి పొయ్యి పక్కన పీట వేసుకున్నారు.

“ఇదిగో మరదలా, మనిషి రాసిన మాట మిషనుకి తెలీదు. దాన్ని మిషను భాషలోకి మార్చాలి. దాన్నే కంపైల్ చెయ్యడం అంటారు. మామూలు ప్రోగ్రాం అంటే, ఇంటి దగ్గర వండేసి, క్యారేజీ కట్టి పంపడం. తినేచోట ఉప్పు చాలకపోతే ఏం చేస్తావు?”

“ఏం చేస్తానండీ, మళ్ళీ ఇంటికొచ్చి వండుతాను.”

“అదీ! నా ప్రోగ్రాం అలాక్కాదు. పొయ్యి, పెనం, పిండి కూడా వెంట తీసుకుపోతుంది. అక్కడ నడుస్తూనే ఉంటుంది, నడుస్తూ ఉండగానే నువ్వు కొత్త రూలు రాసిస్తావు. అక్కడికక్కడ కంపైల్ చేసేసుకుని, అక్కడికక్కడ ఆ రూలు ప్రకారం నడుస్తుంది. ఏదీ ఆపక్కర్లేదు.”

“అట్టు మాడిపోతేనండీ?”

“మాడితే ఎర్రక్షరాల్లో తప్పెక్కడో చెప్తుంది. కొత్త అట్టు కుదిరేదాకా పాత అట్టే తింటూ ఉంటుంది.”

“పాతది పాచిపోయి ఉంటే?”

ఆయన లేచి వెళ్ళిపోయారు. నా ప్రశ్న నచ్చకపోతే ఆయన చేసేది అదే. అట్లు మాత్రం ఆరు తినే లేచారు.

ఆ ప్రోగ్రాం మా మీదికి రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. కాట్రేనికోన దగ్గర మేము కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు ఒకటుంది. అందులో నీటిని కొడుతూ తిరిగే చక్రాలుంటాయి, ఏరియేటర్లంటారు. అవి తిరిగితే నీళ్ళకి గాలి అందుతుంది, రొయ్య బతుకుతుంది. ఎండ బాగా కాస్తే నీళ్ళలో పచ్చదనమే గాలి ఇస్తుంది కనక, మధ్యాహ్నం వాటిని కాసేపు ఆపుతారు. ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో మా ఆయన ఆకాశం చూసి చూసుకునేవారు. బావగారికి అది మోటుగా కనబడింది. ఒక పెట్టె తెచ్చి స్టార్టరు పక్కన గోడకి బిగించారు. ఫోనులో రూలు రాస్తే చాలు, పెట్టె దాన్ని కంపైల్ చేసుకుని, నిమిషానికోసారి గడియారం చూసుకుంటూ చక్రాలు తిప్పడం, ఆపడం అదే చేస్తుంది.

మా ఆయనకి ఫోనిచ్చి రాయమన్నారు. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. మేత చీటీ అయినా, బ్యాంకు కాగితం అయినా, ఆఖరికి దర్జీకిచ్చే కొలతల ముక్కయినా, పైన ‘దేవునికి స్తోత్రం’ అని రాయనిదే రెండో మాట రాయరు. వాళ్ళమ్మగారు పలక మీద నేర్పిన మొదటి మాట అది. పెట్టెకీ అలాగే రాశారు. ఎర్రక్షరాలు వచ్చాయి: ‘మొదటి లైను అర్థం కాలేదు.’

బావగారు పడీ పడీ నవ్వారు. “తమ్ముడూ, మిషనుకి ఇంకా మారుమనసు రాలేదయ్యా. ముందు బాప్తిస్మం ఇప్పించి, తర్వాత స్తోత్రం చెప్పించు.”

“మరి పైన ఏమీ రాయకుండా ఎలా మొదలెడతారండీ?” అన్నారు మా ఆయన.

“తెలివితో మొదలెడతారు.”

ఆ మాట మా ఆయన మనసులో దిగబడిపోయింది. స్తోత్రం తీసేసి రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు, ఉంచితే పెట్టె ఒప్పుకోలేదు. “మీరే రాసెయ్యండి అన్నగారూ” అని ఫోను తిరిగిచ్చేశారు. అంతే, ఆ చెరువు గాలి కొత్తపేట మేడ మీదికి పోయింది. పెట్టెకి తాళం వేసి, ఆ తాళంచెవి కూడా బావగారే పట్టుకుపోయారు, మనవాళ్ళు కెలుకుతారని. కాపలా పెద్దాయనతో, “నేను చెప్పకుండా ఆ స్టార్టరు ముట్టుకోనని మాటివ్వు” అని చేతిలో చెయ్యి వేయించుకున్నారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే చేతిగడియారం చూసుకునే మనిషి, ప్రమాణాలు మాత్రం బాగా చేయించేవారు.

తర్వాత వానాకాలం మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మా ఆయన మేత కోసం అమలాపురం వెళ్ళారు. నేను చెరువు దగ్గరకి భోజనం పట్టుకెళ్ళాను. పదకొండు కావస్తోంది. ఆకాశం చూస్తే పొద్దు పొడిచినట్టే లేదు. చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. పది నుంచి మూడింటిదాకా విశ్రాంతి అని బావగారు రాసిన రూలు. ఎండ ఉన్నా లేకపోయినా పెట్టెకి తెలిసింది గడియారమే.

కాపలా పెద్దాయన గట్టు మీద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. “అమ్మా, రొయ్య పైకి తేలిందండి.”

చూశాను. గట్టు పొడుగునా మీసాలు. నీళ్ళ పైకి మీసాలు పెట్టి గాలి కోసం అల్లాడుతున్నాయి. ముందు పంట అప్పటికే తెగులొచ్చి పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవాలి, మా ఆయన మళ్ళీ ఎవరి చెరువు మీదో కాపలాకి వెళ్ళాలి. గబగబా వెళ్ళి స్టార్టరు పచ్చబొత్తాం నొక్కాను. చక్రాలు తిరిగాయి. నిమిషం గడిచిందో లేదో పెట్టె టక్కుమంది. ఆగిపోయాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టక్కు.

బావగారికి ఫోను చేశాను.

“ఏంటి మరదలా?”

“రొయ్య తేలిపోయిందండీ. మీ పెట్టె చక్రాలు ఆపేస్తోంది.”

“పది నుంచి మూడు ఆపాలి కదా మరి.”

“బావగారూ, ఎండ లేదండీ!”

కిటికీ తలుపు చప్పుడు వినబడింది. కొత్తపేటలో కూడా మబ్బు ఉందని అప్పుడు చూసినట్టున్నారు. “కంగారు పడకు. రూలు మారుస్తున్నాను. రెండు నిమిషాలు. నువ్వు మాత్రం ఆ బొత్తాం నొక్కకు, ప్రోగ్రాం గందరగోళపడుతుంది.”

“పెట్టె బద్దలుకొట్టేస్తానండీ.”

“కొట్టేవంటే అసలేవీ తిరగవు, చెప్తున్నాను! అది నడుస్తుండగానే మార్చేస్తాను. ఆపక్కర్లేదు.”

రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. అది ఆపడం, నేను నొక్కడం. ఫోను స్పీకరులో పెట్టి స్టార్టరు మీద ఉంచాను. అటునుంచి టకటకా కొడుతున్నారు. “ఇదిగో ఎక్కుతోంది… ఎక్కలేదు. నెట్టు బాగాలేదక్కడ. ఇదిగో మళ్ళీ…” కుడి బొటనవేలు వాచింది. ఎడమది మొదలెట్టాను. కాపలా పెద్దాయన్ని, కాసేపు నువ్వు నొక్కు బాబూ అన్నాను.

“నన్ను నొక్కమనకండమ్మా. బావగారికి మాటిచ్చేనండి.”

“రొయ్య చచ్చిపోతోంది కదయ్యా!”

“ఆయ్, చచ్చిపోతోందండి. గొడుగు పడతానండి మీకు.”

పట్టాడు పాపం. పదకొండు నుంచి మూడింటిదాకా, చెయ్యి మార్చుకుంటూ, నేను కదలకుండా, ఆయన గొడుగు దించకుండా. పెట్టుకొచ్చిన అన్నం క్యారేజీలోనే ఉండిపోయింది. నేను ప్రార్థన చేసుకున్నానా అని తర్వాత పాస్టరుగారు అడిగారు. లేదండీ, బావగారిని తిట్టుకున్నాను, మధ్యమధ్యలో దేవుడి పేరు వచ్చింది అని చెప్పాను.

సరిగ్గా మూడింటికి, నేను నొక్కకుండానే, చక్రాలు వాటంతటవే తిరిగాయి. నిమిషం చూశాను, టక్కు లేదు. రెండు నిమిషాలు. లేదు. ఫోనులో కేక.

“చూసేవా మరదలా! ఎక్కింది! ఆపకుండా ఎక్కింది!”

“మూడయింది కదండీ బావగారూ. మూడింటికి పాత రూలే తిప్పుతుంది కదా?”

“అది వేరు, ఇది వేరు” అని ఫోను పెట్టేశారు.

కొన్ని రొయ్యలు పోయాయి. చెరువు మిగిలింది. మా ఆయన వచ్చి నా వేళ్ళు చూసి, క్యారేజీ విప్పి నాకు అన్నం కలిపి పెట్టారు.

ఆ వారంలోనే బావగారు స్వయంగా వచ్చారు. తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, “తమ్ముడూ, ఇకనుంచి నువ్వే రాసుకో. పైన నీ స్తోత్రం కూడా రాసుకో, మిషను ఏమీ అనదు. నీలాంటివాళ్ళ కోసం దాన్ని దారికి తెచ్చేను” అన్నారు. మా ఆయన సంతోషానికి అంతులేదు. అన్నగారిది పెద్ద మనసని ఊరంతా చెప్పుకున్నారు. నాకూ కాస్త మనసు కరిగిందనుకోండి. ఆ కరిగిందాన్ని ఆయన ఎక్కువకాలం ఉండనివ్వలేదు.

ఎందుకంటే ఆ రోజు సంగతి ఆయనకి కథైపోయింది. ఎక్కడ నలుగురు చేరినా, “నేను కొత్తపేట మేడ మీద కూర్చుని కాట్రేనికోనలో రొయ్యని బతికించేను” అని మొదలు. మొదటిసారి చెప్పినప్పుడు, “మరదలు కూడా పాపం అక్కడే ఉంది” అన్నారు. క్రిస్మస్‌కి చెప్పినప్పుడు, “ఎవరో బొత్తాం నొక్కుతూ అడ్డం వస్తున్నారు, అయినా నడిపించేను” అయింది. మా అబ్బాయి నిశ్చితార్థానికి వచ్చేసరికి ఆ కథలో నేను లేను. గొడుగు పట్టిన పెద్దాయన మాత్రం ఉన్నాడు, మాట నిలబెట్టుకున్నందుకు. నేను పాయసం వడ్డిస్తూ పక్కనుంచే వెళ్ళాను. గిన్నె ఆయన నెత్తిన బోర్లించలేదంటే మా అక్క మొహం చూసే.

“బావగారూ, ఆ రోజు నడిపింది ఎవరండీ?” అని ఎదురుగానే అడిగాను ఒకసారి.

“ప్రోగ్రాం నడిపింది” అన్నారు.

“మూడింటిదాకా?”

“ఇంకో గరిటె పొయ్యి.”

రుజువు చేద్దామంటే నా దగ్గర ఏముంది, రెండు బొటనవేళ్ళు తప్ప. కుడిదాని గోరు ఊడి మళ్ళీ వచ్చింది, కాస్త వంకరగా.

పోయినేడు ఆయన పోయారు. గుండె. ఏదీ ఆపని మనిషిది అదొక్కటీ చెప్పాపెట్టకుండా ఆగింది. సమాధి దగ్గర పాట పాడుతుంటే మూడో చరణంలో నాకు తెలియకుండానే తల తిప్పి చూశాను, రాగం మార్చమని ఎవరైనా చెయ్యూపుతారేమో అని.

పెట్టె మాత్రం నడుస్తూనే ఉంది. మొన్న మా ఆయన నీళ్ళలో గాలి ఎంతుందో చూపించే మీటరు కొన్నారు. దాన్ని పెట్టెకి కలపాలి. అక్క కూతురు కూడా ప్రోగ్రాములే రాస్తుంది. వచ్చి మా అరుగు మీద కంప్యూటరు పెట్టుకుని వాళ్ళ నాన్న రాసిందంతా తెరిచింది. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

“పిన్నీ, ఇందులో ఒక విచిత్రం ఉంది. కొత్త రూలు వచ్చినప్పుడు మొదటి లైను చదవకుండా వదిలెయ్యమని రాసేరు నాన్న. అందులో ఏముందో కూడా చూడక్కర్లేదట. పక్కన చదివేవాళ్ళ కోసం ఒక మాట రాసేరు.”

“ఏమని?”

“కారణం అడక్కండి, అని.”

“కారణమేముందే, మీ బాబాయి స్తోత్రం కోసం. ఊరంతా తెలుసు.”

“ఆగు పిన్నీ” అంది. ఆ పెట్టె తనకి వచ్చిన ప్రతి రూలునీ, ఎక్కినా ఎక్కకపోయినా, గంట, నిమిషంతో సహా దాచుకుంటుందట. దేన్నీ మర్చిపోదట. నాలాంటిదే అన్నమాట. పిల్ల అలా వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ ముసురు రోజు దగ్గర ఆగింది. తర్వాత కంప్యూటరు నావైపు తిప్పింది.

ఆ రోజు పదకొండు దాటిన దగ్గర్నుంచి మూడు లోపల, బావగారు కొత్తపేట నుంచి పదకొండుసార్లు రూలు పంపారు. పదకొండూ ఎక్కలేదు. పదకొండింటికీ ఎర్రక్షరాలు: ‘మొదటి లైను అర్థం కాలేదు.’ నెట్టుకి ఏ జబ్బూ లేదు. మూడింటికి చక్రాలు తిప్పింది పాత రూలే.

ఐదో తరగతి చదువైనా తెలుగు చదవగలను కదా. ఒక్కొక్కటే చదివాను. ప్రతిదాంట్లోనూ పైన ఒకే మాట.

దేవునికి స్తోత్రం.

దాని కింద రూలు. మొదటి లైను తప్పని పెట్టె చెప్పగానే ఆయన ఆ కింది లైను దిద్దారు. ఇంకోలా రాశారు, సంఖ్యలు మార్చారు, మొత్తం తీసి మళ్ళీ రాశారు. పైనున్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు. తీసేస్తే ఏమవుతుందోనని భయపడ్డారనుకోను నేను. ఏ పలక మీద నేర్చాయో, కంగారులో చేతులు వాటంతటవే రాసేశాయి. అది ఆయన కంటికి లైనుగా ఆనలేదు, అంతే. తెలివితో మొదలెడతారన్న మనిషి!

మళ్ళీ మర్నాడు, అసలు సంగతి తెలిశాక, మొదటి లైను చదవకుండా వదిలెయ్యమని ప్రోగ్రాంలో రాసేశారు. రాసి, నీలాంటివాళ్ళ కోసం అని మా ఆయన చేతిలో తాళంచెవి పెట్టారు. ఈ మనిషికి పెద్ద మనసని ఊరంతా చెప్పుకున్నాం!

నాకు నవ్వు ఆగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. చిక్కుడుకాయల చేతులతో తుడుచుకుంటే ఇంకా మండాయి. అక్క కూతురు నా మొహంలోకి చూసి, “ఆ వదిలేసే ముక్క తీసెయ్యనా పిన్నీ? అనవసరం కదా” అంది.

“ఉండనియ్యి. ఆ కొత్త మీటరు రూలు నేను రాస్తాను. ఫోను ఇలా తే.”

“నువ్వా?”

“ఏం, నాకు వేలు లేదా?”

కుడి బొటనవేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టాను. గాలి నాలుగుకి దిగితే, గంటెంతైనా సరే, చక్రాలు తిప్పు. అక్క కూతురు చెప్పి రాయించింది. పైన ఒక లైను ఖాళీగా ఉంది. అందులో ఏం రాసినా మిషను చదవదు కదా అని అడిగాను. చదవదు పిన్నీ అంది. అయితే సరే అని రాశాను:

‘బావగారూ, ఆ రోజు నడిపింది నేనండీ.’

పంపాను. చెరువు దగ్గర చక్రాలు ఆపలేదు. ఒక్క క్షణం చూశాం. పచ్చక్షరాలు వచ్చాయి.

ఆయనకీ అభ్యంతరం లేనట్టుంది.